మొదటి డీఎస్ఎల్ఆర్: కిట్ లెన్స్ సరిపోతుందా, 50 ఎంఎం కూడా కావాలా?

ప్రశ్న:
సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి3500 గానీ కెనాన్ 200డి గానీ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే, లోపల అద్దం ఉండే కెమెరా) తీసుకుందామని చూస్తున్నా, రెండూ 24 మెగాపిక్సెలే, ఏది తీసుకోవాలో తేలట్లేదు. తీసేది ఎక్కువగా ఇంట్లో మా పాప ఫొటోలే, ఒక్క క్షణం కుదురుగా ఉండదు, సాయంత్రమైతే ఫోన్‌లో అన్నీ అలికేసినట్టు వస్తున్నాయి. కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ సరిపోతుందా, అందరూ చెప్పే, జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కూడా కొనాలా? నికాన్ అమ్మేతను పాత 70-300 జూమ్ లెన్స్ కూడా కలిపి ఇస్తానంటున్నాడు.

జవాబు 1:
మెగాపిక్సెల్స్ వదిలేయండి, మీ సమస్యంతా వెలుతురే. కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), ఎఫ్/1.8 అయితే దాదాపు పదింతల లైట్ లోపలికొస్తుంది, అంటే 1/20 సెకను షటర్ స్పీడ్ దగ్గర అలికిపోయే ఫొటో అదే ఐఎస్ఓలో (వెలుతురుకి సెన్సార్ సెన్సిటివిటీ సెట్టింగ్) 1/200 సెకనుకి తీయొచ్చు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అనుకోకండి, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పాప పరుగుని ఆపదు కదా 😄 ఐఎస్ఓ 3200కి కూడా భయపడక్కర్లేదు, కాస్త గ్రెయిన్ (చుక్కచుక్కలుగా) ఉన్న ఫొటో అలికిపోయినదానికంటే నయం.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే గానీ 50 మాత్రం వద్దు బ్రో. ఇవి క్రాప్ సెన్సార్లు, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నవి, 50 పెడితే నికాన్‌లో 75, కెనాన్‌లో 80 లాగా దగ్గరగా జూమ్ చేసినట్టు కనిపిస్తుంది, గదిలో వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకోవడమే. నికాన్ 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్ (క్రాప్ సెన్సార్ కోసం చేసిన లెన్స్) చూడు, ఇంట్లోకి అదే సరైంది. నమ్మకం లేకపోతే ముందు కిట్ లెన్స్‌నే ఒకరోజు 35 దగ్గర, ఇంకోరోజు 50 దగ్గర పెట్టి జూమ్ ముట్టుకోకుండా తీసి చూడు, నీకే తెలుస్తుంది.

ఇంకోటి, డి3500 బాడీలో (అంటే లెన్స్ కాకుండా కెమెరాలో) ఫోకస్ మోటర్ ఉండదు, లెన్స్‌లోనే ఉండాలి. ఆ 70-300 మీద ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ రాసుందా అడుగు, ఉత్త ఏఎఫ్ అని ఉంటే లెన్స్‌లో మోటర్ లేనట్టే, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. కెనాన్‌లో ఈ గొడవ లేదు, ఈఎఫ్ లెన్సులన్నిట్లో మోటర్ లెన్స్‌లోనే ఉంటుంది.

జవాబు 3:
ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ ఎందుకండీ, దాదాపు కంపెనీలన్నీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) వైపు వెళ్లిపోయాయి, మనిషి కన్నుని గుర్తుపట్టి ఫోకస్ చేసే బాడీ అయితే పిల్లల ఫొటోలకి సుఖం. డీఎస్ఎల్ఆరే అంటే నా ఓటు 200డికి. స్క్రీన్ తిరుగుతుంది, లైవ్ వ్యూలో (స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ చకచకా పడుతుంది, నేల మీద పాకే పిల్లల ఎత్తులో పెట్టి తీయొచ్చు. డి3500 స్క్రీన్ కదలదు, లైవ్ వ్యూ నత్తనడక.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. అమ్మేతన్ని అడిగా, 70-300 మీద ఉత్త ఏఎఫ్ అనే ఉందట.

జవాబు 2:
అయితే అది వదిలేసెయ్. పరిగెత్తే పాపని 300 దగ్గర చేత్తో ఫోకస్ చేయడం మన వల్ల కాదు. ఏ బాడీ తీసుకున్నా షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో) అడుగు, లెన్స్‌లోకి టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూడు, ఎఫ్/16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తియ్యి, సెన్సార్ మీద దుమ్ముంటే మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి.