పాత ఎంటర్‌ప్రైజ్ పడవకు కొత్త తాళ్లు, కొత్త క్లీట్లు: ఎంతవరకు మార్చాలి?

సాగర్_గాలి (నల్లగొండ):
నేనూ మా దోస్తూ కలిసి హైదరాబాద్‌లో ఒక పాత ఎంటర్‌ప్రైజ్ తెరచాప పడవ కొన్నాం. ఫైబర్ అడుగు, పైన ప్లైవుడ్ డెక్. నీలం చాపలు వెలిసినా ఎక్కడా చిరగలేదు. జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైన్ ఇది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఇద్దరు నడుపుతారు. పాత ఓనర్లు దేన్నీ ముట్టుకోలేదు. చాపలెత్తే హాలియార్డ్‌లు స్టీలు వైర్లే. బూమ్‌ను (పెద్ద చాప అడుగున ఉండే అడ్డకర్రను) కిందికి లాగిపట్టే కిక్కర్‌కు రెండంటే రెండు కప్పీలు. పెద్ద చాపను అదుపు చేసే మెయిన్‌షీట్ వెనక అంచు నుంచి వస్తుంది.

నా ప్లాన్ ఇది: వైర్లన్నీ తీసేసి డైనీమా (గట్టి సింథటిక్ పోగు) తాళ్లు, కిక్కర్ 16:1 (అంటే చేతి లాగుడుకు 16 రెట్లు), మెయిన్‌షీట్‌ను పడవ మధ్యకు తెచ్చి దానికి కామ్ క్లీట్ (తాడును పళ్ల మధ్య బిగించి పట్టేది). ఏ తాడైనా కూర్చున్న చోటి నుంచే అందాలి. దోస్తేమో "ఎట్లున్నదో అట్లే ఉంచు" అంటున్నాడు. నాగార్జునసాగర్‌లో నడపాలని మా ఆలోచన. అనుమతుల పని వేరేగా చూసుకుంటున్నాం, ఇక్కడ పడవ గురించే చెప్పండి.

పాలమూరు_పిల్లగాడు (మహబూబ్‌నగర్):
మార్చెయ్యి అన్నా, ఇందులో ఆలోచించేదేముంది? పాత వైరులో ఒక్క పోగు తెగి బయటికొస్తే అరచెయ్యి చీరేస్తుంది. డైనీమా తేలిక, చేతికి మెత్తన, అదే మందం స్టీలు వైరుకు బలంలో ఏమీ తీసిపోదు. మాస్ట్ (చాపలు మోసే నిలువు స్తంభం) పైన బరువు తగ్గితే పడవ ఒరగడమూ తగ్గుతుంది. ఇప్పుడు రేసు పడవలన్నీ ఇట్లే ఉన్నాయి. మీ దోస్తుది ఉత్త పాతమీద మోజు.

పాత_ఫౌజీ (సికింద్రాబాద్, సొంతూరు మిర్యాలగూడ):
తమ్మీ, కొంచెం ఆగు. ఈ పడవలో ముందు చాప (జిబ్) హాలియార్డ్ పని చాప ఎత్తడంతో అయిపోదు. ఆ చాప ముందంచులో ఒక వైరు ఉంటుంది. హాలియార్డ్‌ను లివర్‌తో బిగించగానే మాస్ట్‌ను ముందుకు లాగిపట్టేది అదే. ముందున్న ఫోర్‌స్టే వైరు చాప దించినప్పుడు మాస్ట్ పడకుండా ఉండటానికి, అంతే. అంటే నువ్వు మార్చాలంటున్న వైరు మీద గంటల తరబడి ఒకే బిగువు ఉంటుంది.

డైనీమా రబ్బరులా సాగదు, నిజమే. కానీ ఆగని బరువు కింద మెల్లమెల్లగా పొడవు పెరుగుతుంది, తిరిగి వెనక్కి రాదు. ఎండ వేడికి అది ఇంకా ఎక్కువవుతుంది. మన నల్లగొండ ఎండ సంగతి నేను చెప్పాలా? పొద్దున బిగించిన రిగ్గు (మాస్ట్, దాన్ని పట్టే వైర్లు) మధ్యాహ్నానికి వదులైతే నీకు తెలియదు కూడా, గాలి వైపు పడవ సరిగ్గా ఎందుకు ఎక్కట్లేదో అని తల పట్టుకుంటావు. తక్కువ సాగే రకాలు ఉన్నాయి, కానీ బజారులో అడిగితే ఏ రకమో చెప్పేవాడు దొరకడు.

ఇంకోటి, మాస్ట్ మీది కప్పీ చూశావా? వైరు కోసం చేసిన దాని గాడి సన్నగా ఉంటుంది. తాడు అందులో సరిగ్గా కూర్చోదు, పక్కకు జారి చక్రానికీ గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. తాడు వేస్తే కప్పీ కూడా మార్చాలి.

పాలమూరు_పిల్లగాడు:
సార్, ఆ లెక్కన మెయిన్ హాలియార్డ్‌కు తాడు వేయొచ్చు కదా, దాని మీద ఆ బిగువు లేదుగా?

పాత_ఫౌజీ:
వేయొచ్చు. దానికి నాకు అభ్యంతరం లేదు. డైనీమా జారుడు సరుకు, ముడి నిలవదు. స్ప్లైస్ చేసి (ముడి లేకుండా తాడును తాడులోకే దూర్చి), తోకను తాడు మందానికి 72 రెట్లు లోపలికి దూర్చాలి. 4 మిల్లీమీటర్ల తాడైతే దాదాపు 29 సెంటీమీటర్లు.

లేత్_మెషిన్ (నల్లగొండ):
తాళ్ల గొడవ మీరు తేల్చుకోండి. నాకు భయమల్లా ఆ 16:1 కిక్కర్‌తోనే. చేత్తో 15 కిలోల బలంతో లాగితే లెక్కకు 240 కిలోలు. రాపిడికి కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. అది బూమ్‌ను కిందికి లాగడమే కాదు, ముందుకు తోసి మాస్ట్‌కు గుద్దుతుంది. ఆ జాయింటు దగ్గర రివెట్లు ఎప్పటివో? ఆ అల్యూమినియం చుట్టూ సన్నటి పగులు ఉందేమో ముందు చూశారా? ఎక్కువ కప్పీలు పెడితే చేతికి సుఖం. ఆ బరువు మోసేది మాత్రం పాత పడవే. 4:1 పెట్టి ఆపండి.

డెక్ మీద కొత్త క్లీట్లకైతే పాత స్క్రూ కన్నాల్లోనే మళ్లీ బిగించొద్దు. తడి తాగిన ప్లైవుడ్ స్క్రూను పట్టదు. కన్నం పెద్దగా తొలిచి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ డ్రిల్ వేయాలి. బరువు పడేచోట బోల్టు కిందిదాకా దిగాలి, అడుగున వెడల్పాటి ప్లేటు ఉండాలి. వాషర్ ఒక్కటే చాలదు. మెయిన్‌షీట్ మధ్యకు తెస్తే ఆ లాగుడంతా అడ్డపలక మీద పడుతుంది. అది బలంగా లేకపోతే కొత్తది చేయించాల్సిందే. నన్నడిగితే అది రెండో ఏడు పని.

పాలమూరు_పిల్లగాడు:
మీరంతా సముద్రం పుస్తకాలు చదివి భయపెడుతున్నారు. ఇది మంచినీళ్ల రిజర్వాయరు, ఉప్పు లేదు, తుప్పు లేదు.

పాత_ఫౌజీ:
ఆ మాట వైర్ల వైపే వస్తుంది తమ్మీ. ఉప్పు లేకపోతే స్టీలు ఎక్కువ కాలం మన్నుతుంది, అల్యూమినియంకు స్టీలు తగిలే చోట తినేయడమూ తక్కువే. ఇక్కడ శత్రువు ఎండ. అది తినేది తాళ్లను, ప్లాస్టిక్ కప్పీలను. ఏది వేసినా నడపని రోజుల్లో కవర్ కప్పండి. మాస్ట్‌ను పక్కల నుంచి పట్టే ష్రౌడ్‌లకు మాత్రం 1×19 (19 పోగులు కలిపి పేనిన) వైరే, అదీ కొత్తది. పాతవాటి వయసు ఎవరికీ తెలియనప్పుడు పరీక్షలతో పనిలేదు. మిగతా వైరు మీద నూలు గుడ్డ జరిపి చూడండి, ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు.

దేవరకొండ_ఒడ్డు:
నాకు చాపల సంగతి అంతగా తెలియదు, ఆ నీళ్ల సంగతి తెలుసు. గుట్టల సందుల్లోంచి గాలి ఉన్నట్టుండి కొడుతుంది. పెద్ద చాప తాడును క్లీట్‌లో బిగించి కూర్చుంటే వదిలేలోపే బోల్తా. లేపాక కూడా చాప బిగువుగానే ఉంటే మళ్లీ పడిపోతుంది. ఇంకోటి, నిండుమట్టం 590 అడుగులు. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే కిందున్న బండలు మీ సెంటర్‌బోర్డుకు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలకకు) తగులుతాయి. ఒడ్డుకు తెచ్చేటప్పుడు మాస్ట్ నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలు చూసుకోండి. దీని ముందు మీ తాళ్ల చర్చ చిన్నది.

సాగర్_గాలి:
అందరికీ థ్యాంక్స్. కామ్ క్లీట్‌ను ప్లాన్‌లోంచి తీసేశాను. దాని బదులు రాచెట్ కప్పీ (ఒక వైపుకే తిరిగేది), పట్టుకున్న చేతికి బరువు తగ్గుతుంది, వదిలితే వదులుతుంది. మెయిన్‌షీట్ వెనకనుంచే. కిక్కర్ 4:1. ష్రౌడ్‌లు కొత్త వైరు, జిబ్ హాలియార్డ్ వైరే. మెయిన్ హాలియార్డ్‌కు తాడు, దానితోపాటు కప్పీ. దోస్తు దీనికి కూడా ఒప్పుకోవట్లేదు.

లేత్_మెషిన్:
కప్పీ నా దగ్గర తిప్పిస్తాను, పాతది పట్టుకురా. పిన్నుల రింగులకు టేపు చుట్టడం మర్చిపోవద్దు.

పాలమూరు_పిల్లగాడు:
కిక్కర్ 4:1తో గాలి ఎక్కువైనప్పుడు బూమ్ పైకి లేస్తే అప్పుడు మాట్లాడుకుందాం సార్లూ. 8:1 అన్నా పెట్టాల్సింది.