అర్రేని ‘బంతి’ అందామా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు పిల్లలకు శనివారాలు సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. పోయిన వారం ఒక పాప, “అంకుల్, ఎంతమంది పేర్లు వస్తాయో ముందే తెలియకపోతే అర్రే సైజు ఎంత పెట్టాలి?” అని అడిగింది. తెలుగులో చెప్పబోయి అర్రే (ఒకే రకం విలువలను పక్కపక్కనే దాచుకునే చోటు) దగ్గరే ఆగిపోయాను. శ్రేణి అందామంటే లెక్కల్లో అది సిరీస్. వరుస అందామంటే మాత్రికల్లో అడ్డవరుస, నిలువు వరుస ఉన్నాయి. పైగా ఇంట్లో మామ వరుస, బావ వరుస.

చివరికి బంతి అన్నాను. భోజనాల బంతి, పంక్తి నుంచి వచ్చిన మాట. మధ్యలో ఖాళీ లేకుండా పక్కపక్కనే, అందరికీ ఒకే కొలత ఆకు. మెమరీలో అర్రే కూడా అంతే. పెళ్లికి ఎందరొస్తారో తెలియదు, 50 ఆకులు వేశాం, 30 మంది కూర్చున్నారు. అవసరాన్ని బట్టి పెరిగే అర్రే లాంటిది వెక్టర్; అందులో సైజు అంటే ఆ 30, కెపాసిటీ అంటే ఆ 50. ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పినా అందనిది ఆకులతో ఒక్కసారికే అందింది. మీరేమంటారు?

— మాట బాగుంది మాస్టారూ. కానీ 51వ మనిషి వస్తే? పెళ్లిలో రెండో బంతి వేస్తారు. వెక్టర్ అలా చేయదు, పెద్ద చోటు చూసి అందరినీ అక్కడికి మారుస్తుంది. పాత చోటును పట్టుకున్న పాయింటర్ (మెమరీలో చిరునామా) ఇక పనికిరాదు. రెండో బంతి అంటే పిల్లలు తప్పుగా నేర్చుకుంటారు.

— నిజమే, సరిచేసుకుంటాను. “హాలు చాలక అందరినీ పెద్ద పందిట్లోకి మార్చారు” అంటాను. ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ లైబ్రరీలో కొత్త పందిరి పాతదానికి రెట్టింపు, మైక్రోసాఫ్ట్‌దైతే ఒకటిన్నర రెట్లు. ఒక్కో ఆకే పెంచుకుంటూ పోతే వచ్చిన ప్రతి మనిషికీ అందరినీ లేపాలి. 200 మంది ఖాయమని తెలిస్తే ముందే వెక్టర్‌కి రిజర్వ్ అని చెప్పి 200 ఆకులు వేయించుకోవచ్చు.

— సీలో మామూలు అర్రే సంగతీ చెప్పండి అన్నయ్యా. ఫంక్షన్‌కి (ప్రోగ్రాంలో ఒక పని చేసే ముక్కకి) పంపితే మొదటి ఆకు ఎక్కడుందో తెలుస్తుంది గానీ ఎన్ని ఆకులో తెలియదు. అక్కడ సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) అడిగితే 64 బిట్ మెషీన్‌లో వచ్చే 8 పాయింటర్ కొలత, బంతిది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దీనివల్ల రెండు రాత్రులు నిద్రలేదు నాకు. వడ్డించేవాడికి లెక్క విడిగా చెప్పి పంపాలి. వెక్టర్ తన లెక్క తనే మోసుకెళ్తుంది.

— బంతి అంటే ఇప్పటి పిల్లలకు ఆట బంతి, బంతిపువ్వే కదండీ? అంతా బఫేలే.

— ఇక్కడి పెళ్లిళ్లలో ఇంకా అరటాకులు పరిచి వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తున్నారండీ, పిల్లలు చూస్తూనే ఉన్నారు. కన్నడ స్నేహితుల నోట పంక్తి అన్న మాటా వింటున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫర్వాలేదన్న సామెత చెబితే మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. అర్రేలోనూ కడపటి ఆకు దగ్గరికి మొదటి ఆకు దగ్గరికి వెళ్లినంత వేగంగానే వెళ్తాం. ఆ పాప అప్పుడే తన ప్రోగ్రాంలో వెక్టర్‌కి బంతి అని పేరు పెట్టుకుంది.