ఇన్‌ఫ్లేషన్ 7.7 వచ్చిన రోజు మార్కెట్ ఎందుకు ఎగిరింది? అసలు ఏ నంబర్ చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఈమధ్యే అమెరికా ఇండెక్స్ ఫండ్‌లో కొంచెం కొంచెం పెడుతున్నా, పాత డేటా తిరగేస్తుంటే ఒకటి అస్సలు బుర్రకెక్కలేదు. 2022 నవంబర్ 10న అక్కడి సీపీఐ (జనం కొనే వస్తువులు, సేవల ధరల సూచీ, ఇన్‌ఫ్లేషన్ దీంతోనే కొలుస్తారు) 7.7 శాతం పెరిగిందని వచ్చింది, అదే రోజు ఎస్ అండ్ పీ 500 (అక్కడి 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఏకంగా 5.5 శాతం పెరిగింది. ధరలు మండిపోతుంటే ఈ సంబరం ఏంటండీ? ఒక దేశం ఇన్‌ఫ్లేషన్ ఫాలో అవ్వాలంటే ఏది చూడాలి?

రిప్లై 1:
మండిపోతున్నాయని అందరికీ ముందే తెలుసు కదా బ్రో, ఆ భయం షేర్ల రేట్లలో ఎప్పుడో కలిసిపోయింది. ఆ రోజు 7.9 వస్తుందనుకున్నారు, 7.7 వచ్చింది, ఇంకేముంది ఫెడ్ (అమెరికా సెంట్రల్ బ్యాంక్) వడ్డీలు పెంచే స్పీడు తగ్గిస్తుందని ఎగబడి కొన్నారు. అంచనాకీ వచ్చినదానికీ తేడానే ముఖ్యం. నేనైతే అంచనా ముందు రోజే రాసి పెట్టుకుంటా, లేకపోతే తర్వాత "నేను అనుకుంటూనే ఉన్నా" అనిపిస్తుంది.

రిప్లై 2:
ట్రేడింగ్‌కి అది కరెక్టే, ఏళ్ల తరబడి ఉంచేవాళ్లకి అంత అక్కర్లేదు. పేపర్లో వచ్చేది పోయినేడాది ఇదే నెలతో పోల్చిన నంబర్, అది పన్నెండు నెలల పాత సంగతులన్నీ మోసుకొస్తుంది. 2022 జూన్‌లో 9.1, జూలైలో 8.5, చూస్తే ఇంకా భయంగానే ఉంది కదా, కానీ జూన్ నుంచి జూలైకి ధరలు మొత్తం మీద పెరిగింది సున్నా! 2021 ఏప్రిల్‌లో ఉల్టా, 4.2 అని చూసి కంగారు పడ్డారు, అందులో కొంత 2020 లాక్‌డౌన్‌లో ధరలు పడిపోవడం వల్ల వచ్చిందే. కాబట్టి నెలనెలా మార్పు చూడండి, సీజనల్ అడ్జస్ట్ చేసినదే, అంటే ఏటా ఆ సీజన్‌లో మామూలుగా వచ్చే హెచ్చుతగ్గులు తీసేసిన నంబర్. నెలకి 0.2 చొప్పున అయితే ఏడాదికి 2.4, అదే 0.3 అయితే 3.7 దాకా పోతుంది. ఒక్క నెల చూసి గెంతులేయకుండా మూడు నెలల సగటు తీస్కోండి.

రిప్లై 3:
దేశాల్ని పోల్చేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఎక్కువ ఊగిసలాడే ధరలు పక్కనపెట్టి లెక్కేసే ఇన్‌ఫ్లేషన్‌ని కోర్ అంటారు. అమెరికాలో కోర్ అంటే ఫుడ్, ఎనర్జీ రెండూ తీసేస్తారు, జపాన్‌లో కోర్ అంటే తాజా ఆహారం ఒక్కటే తీసేస్తారు, పెట్రోలు లోపలే ఉంటుంది. ఇది తెలీక నేను రెండింటినీ ఒకే ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి ఏడాదిపాటు తెగ విశ్లేషించా, ఆ షీటు ఇప్పుడు తెరవాలంటే సిగ్గేస్తుంది. పైగా లెక్క కట్టేవాళ్ల మీద నమ్మకం కూడా ఉండాలి, అర్జెంటీనాలో 2007 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వ నంబర్‌ని ఎవరూ నమ్మలేదు, 2013లో ఐఎంఎఫ్ బహిరంగంగానే తప్పుపట్టింది. ఇన్‌ఫ్లేషన్‌కి లింకైన బాండ్లలో చెల్లింపు ఆ ప్రభుత్వ నంబర్‌ని బట్టే ఉంటుంది, కాబట్టి అవి కొన్నవాళ్ల చేతికొచ్చేది కూడా ఆ మేరకు తగ్గింది మరి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి, సగం క్లియర్ అయింది. మరి అక్కడ కొత్త అద్దెలు తగ్గుతున్నాయని వార్తలొచ్చాక కూడా సీపీఐ దిగలేదే?

రిప్లై 2:
అమెరికా సీపీఐలో ఇంచుమించు మూడో వంతు ఇంటి ఖర్చే. కొత్తగా దిగేవాళ్ల అద్దె ఒక్కటే కాదు, ఎప్పట్నుంచో ఉంటున్నవాళ్లు కట్టేది కూడా కలుపుతారు, వాళ్ల అగ్రిమెంట్లు మారేదాకా లెక్క కదలదు. అందుకే ఫెడ్ వాళ్లు కూడా ఇంటి ఖర్చు తీసేసిన సర్వీసుల నంబర్ విడిగా చూసేవారు.