మొదటి ప్రపంచ యుద్ధానికి అసలు బాధ్యులు ఎవరు?

తటస్థుడు:
1914 జూన్ 28న సరయేవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్యనే మన పాఠ్యపుస్తకాలు కారణంగా చెబుతాయి గానీ, ఆ తర్వాత నెల రోజులదాకా యుద్ధం రాలేదు. ఏం చేసినా మీ వెంట ఉంటామని జులై 5న బెర్లిన్ మాట ఇవ్వకపోతే, ఆస్ట్రియా 23న సెర్బియాకు అంత కఠినమైన అల్టిమేటం పంపేది కాదు. ప్రధాన దోషి జర్మనీయే.

పాతపటం:
సెర్బియాకు అండగా నిలిచిన రష్యా, సైన్యాన్ని పూర్తిగా సమీకరించమని ఆదేశించింది జులై 30న. జర్మనీ ఆదేశించింది ఆగస్టు 1న. ముందు కత్తి దూసినది ఎవరో తేదీలే చెబుతున్నాయి.

తటస్థుడు:
రెండు సమీకరణలూ ఒకటి కావు. రష్యా సేనలు సరిహద్దు దగ్గర వారాల తరబడి ఆగగలవు; జర్మనీ ప్రణాళిక మాత్రం మొదటి రోజుల్లోనే బెల్జియంలోని లీజ్ కోటలను పట్టుకుంటే తప్ప నడవదు.

పాతపటం:
నేనడిగినది ప్రణాళిక గురించి కాదు. 30 ముందా, 1 ముందా?

చదువరి:
పంచాంగం తెప్పించమంటారా?

మాధవరం మనవడు:
మా ముత్తాత ఆ యుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వైపు వెళ్లి తిరిగి రాలేదు. పింఛను కోసం మా ముత్తవ్వ కచేరీల చుట్టూ తిరిగి తిరిగి కన్నుమూసింది. బెల్జియం తటస్థత కోసమని ఆగస్టు 4న యుద్ధం ప్రకటించిన బ్రిటన్, నవంబరులో భారత సేనను పర్షియాలోని అబాదాన్ చమురు కర్మాగారం ఉన్న దిక్కుకు ఎందుకు పంపిందో ఎవరైనా చెప్పండి.

పాతపటం:
మీ బాధ అర్థమవుతుంది గానీ, అది యుద్ధ ఫలితమే తప్ప కారణం కాదు. ఇంటి కథలు చరిత్రకు సాక్ష్యం కావు.

మాధవరం మనవడు:
పది లక్షలకు పైగా భారతీయులను సముద్రం దాటించిన సామ్రాజ్యాల పోటీ మీకు ఇంటి కథగా కనిపిస్తే, మీతో మాట్లాడటం దండగ.

తటస్థుడు:
పాతపటం గారూ, మీరు ఆ తేదీని వదలకపోవడానికి కారణం రష్యా కాదని నా అనుమానం. యుద్ధం ముగిశాక జర్మనీతో కుదిరిన వర్సాయ్ సంధి మీద మీకు కోపం ఉంది.

పాతపటం:
ఉంది, దాచను. నష్టమంతటికీ జర్మనీ, దాని మిత్రులే బాధ్యులని 231వ అధికరణంలో గెలిచినవారు రాసుకున్నారు. మీరు దాన్నే చరిత్రగా ఒప్పజెబుతున్నారు.

మాధవరం మనవడు:
ఆ సంధి మీద భారతదేశం తరఫున బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజు గంగాసింగ్ సంతకాలు చేశారు. యుద్ధంలోకి దించేటప్పుడు మనల్ని అడగనివారు, దోషిని తేల్చే కాగితంలో మాత్రం మన దేశం పేరు చేర్చారు. మీ ఇద్దరి వాదనల్లోనూ ఈ మాటకు చోటు లేదు.

పాతపటం:
ఆ సంతకాలను నేను కాదనడం లేదు. అయితే జులై 30 సంగతికి ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.