ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతున్నాను, రక్తం ఇవ్వొచ్చా?

కృష్ణలంక అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను ట్రాన్స్ మహిళను, ఉండేది విజయవాడ. డాక్టర్ రాసిచ్చిన ఈస్ట్రాడియోల్ (ఈస్ట్రోజన్ మాత్ర), స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించేది) వేసుకుంటున్నాను. మా పక్క వాటాలో ఉండే పాపకు తలసేమియా. మూడు వారాలు తిరిగేసరికి రక్తం ఎక్కించాల్సిందే. పాపదీ నాదీ ఒకటే గ్రూపు, బి పాజిటివ్. కాలేజీలో ఎన్ఎస్ఎస్ క్యాంపు పెట్టినప్పుడల్లా రక్తం ఇచ్చేదాన్ని. మొన్న బ్లడ్ బ్యాంకుకు వెళ్తే, ఫారంలో మందుల పేర్లు చూసి "హార్మోన్లు వాడేవాళ్ల దగ్గర తీసుకోమమ్మా" అని పంపేశారు. మా డాక్టరేమో మాత్రలతో ఇబ్బంది లేదంటున్నారు. కొన్నాళ్లు ఆపేసి వెళ్తే తీసుకుంటారా? పాప వాళ్లమ్మ డోనర్ల కోసం ఫోన్లు చేసుకుంటూ తిరుగుతుంటే ఊరికే కూర్చోలేకపోతున్నాను.

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
చెల్లెమ్మా, దీనికోసం మాత్రలు మాత్రం ఆపొద్దు. ఆపినా ఉపయోగం ఉండదు.

గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ల రక్తం మేం తీసుకుంటూనే ఉన్నాం. చాలావాటిలో ఉండేదీ ఈస్ట్రోజనే. ఆగాల్సిన మందులు వేరే ఉన్నాయి: జుట్టు రాలడానికో ప్రోస్టేట్ సమస్యకో ఇచ్చే ఫినాస్టరైడ్ వాడుతుంటే చివరి మాత్ర తర్వాత నెల రోజులు, డ్యూటాస్టరైడ్ అయితే ఆరు నెలలు ఆగాలి. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులో మగబిడ్డకు హాని జరగొచ్చని ఆ జాగ్రత్త.

నీకు అడ్డుపడింది రక్తదాతల ఎంపికపై 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు. వాటిలో 12, 51 నిబంధనల ప్రకారం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్తం ఎప్పటికీ తీసుకోకూడదు, మందులు వాడినా వాడకపోయినా. హెచ్ఐవీ ముప్పు ఎక్కువన్నది వాళ్లు చెప్పే కారణం. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. కొత్తగా సోకిన ఇన్ఫెక్షన్ కొన్నాళ్లు పరీక్షకు దొరకదు, అది నిజమే. కానీ ఆ ముప్పు ఎవరికైనా ఉంటుంది. ఒక్కో మనిషిని అడిగి తేల్చుకోవాలి గానీ, అందరినీ కలిపి గీత గీయడం అన్యాయం. మణిపూర్‌కు చెందిన తంగ్జమ్ సంతా సింగ్ 2021లో దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2023లో కేంద్రం ఈ నిబంధనను సమర్థిస్తూ అఫిడవిట్ వేసింది.

నీకు అసలు కారణం చెప్పకుండా మాత్రల మీదకు నెట్టేయడం నాకు చాలా బాధగా ఉంది.

న్యూజెర్సీ నర్సు:
ఇక్కడ అమెరికాలో 2023 నుంచి ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకటే ప్రశ్నలు. ఇటీవలి మూడు నెలల్లో ఏం జరిగిందన్నదే చూస్తారు. ఈస్ట్రోజన్ వాడుతున్నారని ఎవరినీ వెనక్కి పంపరు. హెచ్ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం ఆపాక మూడు నెలలు ఆగాలి, ఎందుకంటే ఆ మందు వల్ల పరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడకపోవచ్చు.

కృష్ణలంక అమ్మాయి:
థాంక్స్ అన్నా, అక్కా. ఫినాస్టరైడ్ వాడట్లేదు. ఆపేద్దామన్న ఆలోచన మానుకున్నాను. మరి పాప సంగతి?

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
తలసేమియా పిల్లలకు ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో రక్తం ఉచితం, ముందు అక్కడ పేరు నమోదు చేయించండి. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. పాపకు ఏడాదికి పదిహేడు సార్లు ఎక్కించాలి, సారికి ఒక యూనిటే అనుకున్నా ఐదుగురు మగవాళ్లు వంతులవారీగా కావాలి. ఒకరికి జ్వరమొచ్చినా ఆగకుండా ఏడెనిమిది మందిని చూసుకో. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 తగ్గకూడదు.

కృష్ణలంక అమ్మాయి:
మా షాపులో కుర్రాళ్లని ఈ రోజే అడుగుతాను. తేదీలు రాసుకుని ఎవరి వంతు ఎప్పుడో నేనే గుర్తుచేస్తా. ఆ బ్లడ్ బ్యాంకుకు కూడా మళ్లీ వెళ్తాను, ఏ నిబంధన కింద వద్దన్నారో కాగితం మీద రాసివ్వమని అడుగుతాను.