అప్‌డేట్: ఊగే చెక్కలో మేకు దిగింది

మేకు కొడుతుంటే పలుచని చెక్క ఊగి సుత్తి ఎగిరిపడుతోందని, బరువైన సుత్తి కొనాలా అని అడిగాను కదా. కొనలేదు. మీలో ఒకరు చెప్పినట్టు తమ్ముడు చెక్క వెనక సమ్మెట ఆనించి పట్టుకున్నాడు. మేకు చక్కగా దిగింది.

లెక్క కూడా వేశాను. అరకిలో సుత్తి సెకనుకు 6 మీటర్ల వేగంతో తగిలితే గతిశక్తి 9 జౌళ్లు. అదంతా మేకును 3 మిల్లీమీటర్లు దించడానికే ఖర్చయితే సగటు బలం 3,000 న్యూటన్లు, అంటే దాదాపు 300 కిలోల బరువు మోపినట్టే! చెక్క 3 సెంటీమీటర్లు వెనక్కి వంగితే అదే శక్తి పదిరెట్ల దూరానికి పరుచుకుంటుంది. బలం 300 న్యూటన్లకు పడిపోతుంది, మేకు కదలదు. చెక్క అలా వంగకుండా సమ్మెట జడత్వం, అంటే కదిలించడాన్ని ఎదిరించే దాని గుణం, ఆపుతుంది.

చప్పుడుకు పోయే శక్తి మాత్రం చాలా స్వల్పమట. పక్కింటివారు నమ్మడం లేదు.