షాంఘై నైట్స్ మొదటి భాగం కంటే బాగుందా? చూసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:
మొదటి భాగం షాంఘై నూన్ మొన్న ఇంట్లో అందరం కూర్చుని చూశాం. జాకీ చాన్, ఓవెన్ విల్సన్ ఇద్దరూ చెరో తొట్టెలో కూర్చుని మందు తాగుతూ ఆడే ఆట దగ్గర మా నాన్నగారు కూడా పడీపడీ నవ్వారు. ఈ ఆదివారం రెండో భాగం, అంటే 2003లో వచ్చిన షాంఘై నైట్స్ పెడదామనుకుంటున్నాను. ఒకరేమో ఫైట్లు అదిరిపోయాయంటారు, ఇంకొకరేమో కథే లేదంటారు. ఫైట్లు ఎలా ఉన్నాయి, ఆ ఇద్దరి స్నేహం మళ్లీ అలాగే పండిందా, పిల్లలతో చూడొచ్చా? కథ మొత్తం చెప్పేసినా ఫర్వాలేదు, నాకు సస్పెన్స్ పట్టింపు లేదు.

ఓరుగల్లు బిడ్డ:
ఫైట్ల వరకు నాకు డౌటే లేదన్నా, రెండోదే గొప్ప. లండన్ మార్కెట్ ఫైట్ ఒక్కదాని కోసమైనా చూడాలి. రౌడీల గుంపు చుట్టుముడుతుంది. జాకీ చేతికి ఏది దొరికితే అదే ఆయుధం. కాసేపటికి గొడుగు దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి సింగింగ్ ఇన్ ద రెయిన్ బాణీ అందుకుంటుంది. ఇక అక్కడి నుంచి అది కొట్లాటలా ఉండదు, డాన్స్‌లా ఉంటుంది. అడుగు తాళానికి పడుతుంది, దెబ్బ తాళానికి పడుతుంది. మొహంలో కోపం అన్నదే ఉండదు, ఎలా తప్పించుకోవాలిరా దేవుడా అన్న కంగారు తప్ప. హాలీవుడ్‌లో జాకీ చేసిన ఫైట్లన్నిటిలో నా ఓటు దీనికే.

స్టంట్ ప్రియ:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఎందుకు బాగుందో కూడా చెప్పాలి. హాంకాంగ్ సినిమాల్లో జాకీ కెమెరాను దూరంగా పెట్టించేవాడు. తల నుంచి పాదం దాకా మనిషి మొత్తం కనిపించాలి, కొట్టేవాడూ తగిలేవాడూ ఒకే షాట్‌లో ఉండాలి. ఒక్క ఫైట్ కుదరడానికి రోజులకు రోజులు తీసేవాళ్లు. హాలీవుడ్‌లో అంత టైమ్ ఇవ్వరు. పైగా క్లోజప్ మీద క్లోజప్ కోసి అతికిస్తారు. ఎవరు ఎవరిని కొట్టారో అర్థమయ్యేలోపు సీన్ అయిపోతుంది. ఈ సినిమాలో డైరెక్టర్ డేవిడ్ డాబ్కిన్ జాకీకి చోటిచ్చాడు. మార్కెట్ ఫైట్‌లో షాట్లు ఎంతసేపు నిలుస్తాయో గమనించండి.

న్యూయార్క్ హోటల్లో తిరిగే తలుపు దగ్గర పోలీసులతో జరిగే గొడవ కూడా అంతే ముచ్చటగా ఉంటుంది. ఒకడు లోపలికి, ఇంకొకడు బయటికి, మధ్యలో జాకీ. మూకీల కాలం నాటి పోలీసు కామెడీని గుర్తుచేస్తుంది. మూకీల హాస్యనటులు బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ అంటే జాకీకి ఎంత గౌరవమో తెలిసిందే. 1923లో ఒక సినిమాలో లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడాడు, 1983లో ప్రాజెక్ట్ ఏ సినిమా కోసం జాకీ గడియారం టవర్ మీంచి పడ్డాడు, ఇక్కడ క్లైమాక్స్ ఏకంగా బిగ్ బెన్ మీద పెట్టారు. షూటింగ్ నాటికి ఆయనకు 48 ఏళ్లు దగ్గరపడ్డాయి. అది మనసులో పెట్టుకుని చూడండి.

సినిమా పిచ్చి:
ఫైట్లు సరే, నేను ఒప్పుకుంటాను. కానీ ప్రశ్న స్నేహం గురించి కూడా కదా. నాకు అక్కడే వెలితి అనిపించింది. మొదటి భాగంలో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒకడు చైనా రాజకుమారిని వెతుక్కుంటూ వచ్చిన అంగరక్షకుడు, ఇంకొకడు నోరు తప్ప ఏమీ లేని రైలు దొంగ. ఆ ఇద్దరూ మెల్లగా దగ్గరవడమే కథ. రెండో భాగం మొదలయ్యేసరికి వాళ్లు ఎలాగూ స్నేహితులే. మరి ఇక కథ దేని మీద నడపాలి? అందుకని జాకీ పాత్రకు చెల్లెల్ని తెచ్చారు, ఓవెన్ విల్సన్ చేసిన రాయ్ ఆమె వెంటపడతాడు, అన్నకు నచ్చదు. ఈ లైన్ మన సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు!

ఒక్క సీన్ మాత్రం నన్ను కదిలించింది. రాయ్ వింటున్నాడని తెలియక, వాడు నీకు తగినవాడు కాదని అన్న చెల్లెలికి చెబుతాడు. ఓవెన్ విల్సన్ మొహంలో అంతసేపూ ఉన్న ఆ కులాసా ఒక్కసారిగా పోతుంది. సినిమా అంతా గొప్పలు చెప్పుకున్న మనిషి, తన గురించి తానే నవలలు రాసుకుని అందులో స్నేహితుణ్ని పక్కవాడిగా పెట్టుకున్న మనిషి, ఆ మాట దగ్గర పడిపోతాడు. ఇలాంటివి ఇంకో రెండు మూడు ఉంటే మొదటి భాగాన్ని దాటేసేది.

డల్లాస్ తెలుగు:
నేను ఇక్కడ థియేటర్‌లో రిలీజ్ టైమ్‌లోనే చూశాను. మా బ్యాచ్ అంతా వెళ్లింది జాకీ కోసం ఎంతో, ఇందులో విలన్‌గా చేసిన హాంకాంగ్ ఫైట్ల స్టార్ డోనీ యెన్ కోసం అంత. ఇద్దరూ ఒకే తెర మీద కనిపించడం అదే మొదలు. అంతకుముందు ఏడాదే హీరో సినిమాలో జెట్ లీతో ఆయన చేసిన ఫైట్ చూసి ఉన్నాం కదా, ఊహలు ఎక్కడికో వెళ్లిపోయాయి. తీరా చూస్తే ఇద్దరి మధ్య ఫైట్ మొదలైనట్టే మొదలై అయిపోతుంది. చివరికి చెల్లెలు బాణసంచా రాకెట్ వదిలి డోనీ పాత్రను ముగించేస్తుంది. హాల్లో మా వరసంతా ఒకేసారి ‘అయ్యో’ అన్నాం. అంత మంచి మనిషిని పెట్టుకుని ఇంతేనా వాడుకునేది? 2008లో ఆయన హీరోగా ఇప్ మ్యాన్ వచ్చాక ఆ బాధ ఇంకా ఎక్కువైంది.

ఓరుగల్లు బిడ్డ:
డోనీ విషయం నిజమే అన్నా. ఉన్న ఆ కాసేపట్లో ఇద్దరి స్పీడ్ చూడండి, ఎవరి దెబ్బ ఎవరికీ ఆగదు. అది ఇంకో ఐదు నిమిషాలు సాగి ఉంటే ఈ సినిమా పేరు ఇవాళ ఇంకోలా వినిపించేది.

ఇద్దరు పిల్లల తల్లి:
పిల్లలతో చూడొచ్చా అన్నారు కదా, దానికి నేను చెబుతాను. మొదట్లోనే తండ్రిని చంపే సీన్ ఉంది, చిన్నపిల్లలు కాస్త భయపడతారు. లండన్‌లో రాయ్ ఆడవాళ్లతో దిండ్లతో కొట్టుకునే సీన్ ఒకటి ఉంది, దాన్ని ముందుకు జరిపేయండి. మిగతాదంతా హాయిగా చూసేయొచ్చు. మా వాళ్లకు వీధిపిల్లాడు చార్లీ బాగా నచ్చాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక అవెంజర్స్‌లో క్విక్‌సిల్వర్‌గా కనిపించిన ఆరన్ టేలర్ జాన్సన్ అని చెబితే మా పెద్దవాడు నమ్మలేదు.

చెల్లెలి పాత్ర గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. సింగపూర్ నటి ఫాన్ వాంగ్ చేసింది. తండ్రిని చంపినవాణ్ని వెతుక్కుంటూ ఒంటరిగా లండన్ దాకా వచ్చిన పిల్ల అది. అన్న వచ్చేదాకా ఏడుస్తూ కూర్చోదు. మా పాప ఆమె ఫైట్ వచ్చినప్పుడల్లా సోఫా మీద లేచి నిలబడింది. డోనీ యెన్‌ను ఆమె చంపితే మీకు చిన్నతనంగా అనిపించింది, మా ఇంట్లో చప్పట్లు పడ్డాయి. తండ్రి పగ ఆమెది కూడా కదండీ.

డల్లాస్ తెలుగు:
మేడమ్, చంపింది ఆమె అని కాదు నా బాధ, అంతకుముందు ఫైట్ తక్కువైందని. మీరు చెప్పిన కోణం మాత్రం బాగుంది, ఈసారి అలా చూస్తాను.

చరిత్ర మాస్టారు:
కథ 1887లో, విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల నాడు జరుగుతుంది. ఆ ఉత్సవాలు నిజంగానే ఆ ఏడాదివే. కానీ ఆ వీధిపిల్లాడు చార్లీయే చార్లీ చాప్లిన్ అని చూపించారు, చాప్లిన్ పుట్టిందే 1889లో! సినిమాలో కనిపించే లండన్ హంతకుడు జాక్ ద రిప్పర్ చేసిన హత్యలు 1888వి. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయల్ డాక్టరు, సినిమాలో స్కాట్‌లాండ్ యార్డ్, అంటే లండన్ పోలీసు ఇన్‌స్పెక్టర్ని చేశారు. హోమ్స్ మొదటి కథ అచ్చయింది మాత్రం సరిగ్గా 1887లోనే. లండన్ వీధులు చాలావరకు ప్రాగ్‌లో తీసినవి. ఇంత తెలిసి కూడా నాకు సినిమా నచ్చింది. 1960ల నాటి రాక్ పాటలు పెట్టినప్పుడే వాళ్లు చరిత్ర చెప్పడం లేదని అర్థమైపోతుంది. పిల్లలకు మాత్రం సినిమా అయ్యాక నిజం ఏమిటో చెప్పండి, అదో మంచి కాలక్షేపం.

సినిమా పిచ్చి:
కలెక్షన్ల మాటకొస్తే మొదటిది ప్రపంచమంతా కలిపి సుమారు 9.9 కోట్ల డాలర్లు, ఇది 8.8 కోట్లు. మూడో భాగం తీయాలన్న ఊపు రాలేదు. షాంఘై డాన్ పేరుతో మాటలు నడిచాయి, 2016లో డైరెక్టర్‌గా జారెడ్ హెస్ పేరు కూడా వినిపించింది. సినిమా మాత్రం రాలేదు.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్స్. ఆదివారం చూసేశాం. దిండ్ల సీన్ ముందుకు జరిపాను మేడమ్, మంచిపని చేశారు చెప్పి.

మార్కెట్ ఫైట్ మీరు చెప్పినట్టే ఉంది. కానీ మా ఇంట్లో అందరికీ నచ్చింది బిగ్ బెన్ మీద కత్తి ఫైట్. ఎయిడన్ గిలెన్ చేసిన ఆ ప్రభువు, అదే తండ్రిని చంపిన విలన్, కత్తిసాములో జాకీ కంటే మొనగాడు. జాకీ గెలవలేడు. గాయాలవుతాయి, ఇక లాభం లేదని అర్థమవుతుంది. ఇద్దరూ పడిపోయినా సరేనని వాళ్లు నిలబడ్డ పలక తాళ్లు కోసేస్తాడు. పైనుంచి పడుతున్నవాణ్ని పట్టుకునేది రాయ్. స్నేహం పండలేదన్న సినిమా పిచ్చి గారితో ఇక్కడ నేను విభేదిస్తాను. చెల్లెలి విషయంలో అంత మాట పడ్డవాడు ఆ చేయి అందించడం ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చిన చోటు. డైలాగు అక్కర్లేకుండానే సంగతి తెలిసిపోయింది.

సినిమా పిచ్చి:
ఆ లెక్కన నిజమే సార్. రెండు సీన్లూ కలిపి ఆలోచిస్తే మీరన్నది కుదురుతుంది. నేను మళ్లీ చూస్తాను.

స్టంట్ ప్రియ:
సినిమా అయిపోగానే ఆపేయలేదు కదా? చివర్లో పేర్లు పడుతున్నప్పుడు తీసేటప్పుడు తప్పులు దొర్లిన షాట్లు వేస్తారు. అవి కూడా చూడండి. వచ్చే వారానికి ప్రాజెక్ట్ ఏ పెట్టుకోండి. టవర్ మీంచి పడే షాట్‌ను ఒకటి కంటే ఎక్కువసార్లు చూపిస్తారు, అది పొరపాటు కాదు. నిజంగా అన్నిసార్లు పడ్డాడు.